స్టైపెండు కోసం వచ్చినవాళ్ళు

తొమ్మిదో పంచవర్ష ప్రణాళిక (1997-2002) పత్రంలో ట్రైసెమ్ పథకం మీద ఒక తీర్పు వుంది. శిక్షణకి వచ్చిన గ్రామీణ యువతకి స్టైపెండు మీద తప్ప మరిదేనిమీదా ఆసక్తి లేదనీ, నేర్చుకున్న పనిని స్వయం ఉపాధికి వాడుకోలేదనీ దాని సారాంశం. రెండు మూడు పంక్తుల్లో తేల్చేసిన తీర్పు. 1979 ఆగస్టు 15న మొదలుపెట్టిన పథకాన్ని ఇరవయ్యేళ్ళ తర్వాత సాగనంపుతూ ప్రభుత్వం చెప్పుకున్న కారణాల్లో ఇదొకటి. 1999 ఏప్రిల్ 1న ట్రైసెమ్ స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. పథకం పోయింది గానీ తీర్పు మాత్రం పోలేదు. ఎంపీడీవో ఆఫీసులో, బ్యాంకు మేనేజరు గదిలో, చివరికి మన స్వచ్ఛంద సంస్థల సమావేశాల్లో కూడా అదే మాట ఇప్పటికీ వినపడుతుంది. "వీళ్ళు నేర్చుకోవడానికి రారండీ, డబ్బుల కోసం వస్తారు."

ఎవరు వీళ్ళు? ట్రైసెమ్ నిబంధనల ప్రకారం శిక్షణ పొందేవాళ్ళలో కనీసం సగం మంది షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్ళయి వుండాలి. అందరూ దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాల వాళ్ళే. కాబట్టి 'గ్రామీణ యువత' అని ప్రణాళికా సంఘం మర్యాదగా రాసింది గానీ, గుంటూరు జిల్లా డెల్టాలో ఆ మాటకి అర్థం మాలపల్లె, మాదిగ్గూడెం, యానాదుల పాక. ఈ వ్యాసంలో నేను చేయదల్చుకున్నది ఆ రెండు పంక్తుల్ని తెనాలి, బాపట్ల, రేపల్లెల నేల మీద నిలబడి చదవడం.

మాది రేపల్లె వైపు పల్లె. మా దగ్గర వూరంటే వాళ్ళది, పల్లె అంటే మనది, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. 1980ల చివర్లో మా మేనత్త కుట్టుపని శిక్షణకి వెళ్ళింది. జాకెట్టు, లంగా, పిల్లల గౌను కుట్టడం వచ్చింది. సర్టిఫికెట్టు ఇచ్చారు. మిషనుకి లోను ఇప్పిస్తామన్నారు. లోనుకి వెళితే హామీ ఎవరని అడిగారు. పల్లెలో హామీ వుండగలిగేవాళ్ళు ఎవరుంటారు? ఆఖరికి ఒకనాడు ఆఫీసరుని అడిగిందట: "అయ్యా, జాకెట్టు కుట్టడం వచ్చింది. కుట్టించుకునేదెవరో కూడా మీరే చెప్పండి." వూళ్ళో ఆడవాళ్ళు జాకెట్టు గుడ్డ పల్లెకి పంపరు. పల్లెలో ఆడవాళ్ళు పండక్కి ఒకటి కుట్టించుకుంటారు. ఆయన నవ్వి వూరుకున్నాడట. మా అత్త మళ్ళీ నాట్లకి పోయింది. సర్టిఫికెట్టు చాలాకాలం బైబిల్లో మడతపెట్టి వుండేది.

ఆమె స్టైపెండు కోసమే వెళ్ళింది. ఆ మాట దాచుకోవాల్సిన అవసరం ఆమెకెప్పుడూ కనపళ్ళేదు. డెల్టాలో పని క్యాలెండరు తెలిసినవాళ్ళకి అందులో వింతేమీ లేదు. ఫిబ్రవరి, మార్చిలో మినుము పీకుడు అయిపోతే మళ్ళీ కాలవలకి నీళ్ళు వదిలి నారుమళ్ళు తడిసేదాకా కూలిపని దాదాపు వుండదు. ఆ నెలల్లో స్టైపెండంటే బియ్యం. ఆషాఢంలో నాట్లు మొదలైతే కూలి స్టైపెండుకన్నా ఎక్కువొస్తుంది, శిక్షణ మానేసి చేలోకి పోతారు. దాన్నే మూల్యాంకన నివేదికలు 'మధ్యలో మానివేయుట' అంటాయి. కూలినాలి చేసుకునే మనిషి పని మానుకుని నెలల తరబడి తరగతిలో కూర్చుంటే, ఆ పోయిన కూలికి బదులే స్టైపెండు. అది పథకం పెట్టినవాళ్ళకి తెలియదా? తెలుసు కాబట్టే పెట్టారు. పెట్టి, తీసుకున్నందుకు తప్పుబట్టారు.

ముస్సోరీలో ఐఏఎస్ ప్రొబేషనర్లకి శిక్షణ కాలంలో జీతం వస్తుంది. బ్యాంకు ఆఫీసరుకీ వస్తుంది. యూనివర్సిటీలో పరిశోధన చేసేవాళ్ళం ఫెలోషిప్పులు తీసుకుంటాం. వీళ్ళు జీతం కోసమే వచ్చారని ఏ ప్రణాళికా పత్రమూ రాయదు. పేదవాడికి మాత్రం డబ్బు అవసరం వుండటమే అతని ఆసక్తిని అనుమానించడానికి కారణమవుతుంది.

ఇక 'నైపుణ్యం' అనే మాట దగ్గరికి వద్దాం. శిక్షణా పథకాలన్నీ నిలబడేది ఒక ఊహ మీద: వ్యవసాయ కూలీకి ఏ నైపుణ్యమూ లేదు, అందుకే పేదరికం. 1948 కనీస వేతనాల చట్టం కింద ప్రభుత్వాలు ఇస్తూ వచ్చిన జీవోల్లో 'నైపుణ్యం లేని', 'అర్ధ నైపుణ్యం', 'నైపుణ్యం గల' అనే మెట్లు చదివి చదివి మనమూ అదే నిజమనుకుంటున్నాం.

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి మాగాణిలో మినుము ఎలా పండిస్తారో చూడండి. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి వుండగానే, నేల పదును చూసుకుని విత్తనం చల్లాలి. తడి ఎక్కువైతే గింజ కుళ్ళుతుంది, ఆరిపోతే మొలవదు. ఆ పదును పాదానికి తెలియాలి తప్ప పుస్తకంలో దొరకదు. ఈ పద్ధతినే బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠంగా చెప్తారు. 1945లో పెట్టిన కళాశాల అది. పాఠం చెప్పినవాడు ప్రొఫెసరు, విన్నవాడు పట్టభద్రుడు, చేలో దిగి చల్లినవాడూ పీకినామే 'నైపుణ్యం లేని కూలీలు'. దేశమంతా తినే సాంబ మసూరికి ఇంకో పేరు బీపీటీ 5204. 'బీపీటీ' అంటే బాపట్ల. 1986లో విడుదలైన ఆ వంగడం వెనక శాస్త్రజ్ఞుల కృషి వుంది, దాన్ని కాదనను. అయితే ఆ మళ్ళలో వరసలు తప్పకుండా నాట్లేసిన చేతుల్నీ, కల్తీ మొక్కని కంటితో గుర్తుపట్టి పీకేసిన చేతుల్నీ ఏ లెక్కలో రాశారు?

ఈ నైపుణ్యం పనికిరాకుండా పోయింది నిజమే. ఎందుకు పోయింది? కోత మిషన్లు వచ్చాయి. నాట్లు మానేసి వెదజల్లడం పెరిగింది. రేపల్లె, నిజాంపట్నం వైపు వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. ఎకరం వరిలో ఎన్ని చేతులకి పని వుండేదో ఎకరం చెరువులో అంత పని లేదు. ఈ నిర్ణయాలన్నీ భూమి వున్నవాళ్ళు తీసుకున్నారు. భూమి లేనివాళ్ళకి శిక్షణ ఇస్తామంటున్నారు. నిర్ణయం ఒకచోట, దిద్దుబాటు ఇంకోచోట. కౌలు, మిగులు భూమి, అసైన్డు భూమి గురించి అడిగితే 'స్కిల్' అని జవాబు వస్తోంది.

ఈ తర్కం ట్రైసెమ్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. దాని పాతరూపం చూడాలంటే బాపట్ల నించి చీరాల వెళ్ళే ప్యాసింజరు ఎక్కి మధ్యలో స్టువర్టుపురం స్టేషన్లో దిగాలి. ఎరుకలవాళ్ళు షెడ్యూల్డు తెగ కదా, దళిత పత్రికలో వాళ్ళ సంగతెందుకు అని ఎవరైనా అడగొచ్చు. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ చట్టం అండతో, పని పోయిన మనుషులకి కొత్త పని నేర్పే ప్రయోగం మన ప్రాంతంలో అందరికన్నా ముందు జరిగింది వాళ్ళ మీదే.

ఎరుకలవాళ్ళు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తాకీ లోపలి జిల్లాలకీ మధ్య తిరిగిన సంచార వర్తకులు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పద్ధతులు మారాయి, అడవి చట్టాలు వచ్చాయి. వర్తకం చితికిపోయింది. బతుకుతెరువు పోయిన సంచార జనాన్ని సర్కారు 'నేరస్థ జాతి' అంది. ఈ క్రమాన్ని మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు తవ్వి చూపించింది. చదవనివాళ్ళు చదవాల్సిన పుస్తకం. 1911 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చాక, 1913లో బాపట్ల దగ్గర సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. తప్పించుకుపోకుండా హాజరు పిలుపు, బయటికి పోవాలంటే పాసు. ఉద్దేశం 'సంస్కరణ', సాధనం 'పని అలవాటు చేయడం'. ఆ పని ఎవరికి? చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి కదలకుండా పడివుండే కూలీలు కావలసివచ్చారు. సెటిల్‌మెంటు దగ్గర్లోనే వుంది.

మూడు అడుగులుగా చూడండి. మొదట సర్కారు విధానాల వల్ల పని పోతుంది. తర్వాత పని పోయినవాడి స్వభావంలో లోపం కనిపెడతారు, నాడు 'నేరబుద్ధి', తొమ్మిదో ప్రణాళికకి వచ్చేసరికి 'స్టైపెండు ఆశ'. ఆ తర్వాత లోపాన్ని సరిచేసే పేరుతో ఎవరికో కావలసిన కూలీగా తయారుచేస్తారు. స్టువర్టుపురంలో ముళ్ళకంచె లాంటి చట్టం వుంది, ట్రైసెమ్‌కి అది లేదు, ఆ తేడా చిన్నదేమీ కాదు. రెంటినీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ ఆలోచన వరస మాత్రం మారలేదు.

క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. స్టువర్టుపురం పేరు మాత్రం సినిమావాళ్ళకి పెట్టుబడిగా మిగిలింది. 1991లో ఒకే ఏడాది 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' వచ్చాయి, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. ఆ వూరి కుర్రాడు ఏ శిక్షణ సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటర్వ్యూకి పోయినా చిరునామా దగ్గర యజమాని కళ్ళు ఆగుతాయి. ఆ చూపుని తీసేసే ట్రేడు ఏ ఐటీఐలో వుంది?

శిక్షణ అంటే పనికిరాదని నేననడం లేదు. అలా అంటే మా పల్లె చరిత్రకే అన్యాయం చేసినట్టు. బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల, గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి నర్సుల శిక్షణ, ఇవి డెల్టా పల్లెల్ని కొంతమేర మార్చాయి. మాల, మాదిగ ఇళ్ళలో మొదటి తరం జీతగాళ్ళు ఎవరని అడిగితే చాలాచోట్ల పంతులుగారో నర్సమ్మో కనపడతారు. ఎందుకు మార్చగలిగాయి? ఆ శిక్షణ చివర ఒక బడి వుంది, ఒక ఆసుపత్రి వుంది, అందులో ఒక ఉద్యోగం వుంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆ జీతం వూరి కామందు ఇచ్చేది కాదు. పొద్దున్నే ఆయన వాకిట్లో నిలబడాల్సిన అవసరం పోయింది. మిషను వాళ్ళు మతం కోసం చేశారు కదా అంటారు. చేశారు. అయినా సర్టిఫికెట్టుని గాల్లో వదిలిపెట్టలేదు. స్వతంత్ర భారత ప్రభుత్వం మాత్రం ఆరునెలలు కుట్టు నేర్పి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి, అదే పల్లెకి, అదే కామందు చేలోకి తిప్పి పంపింది.

ఎవరికి ఏ పని నేర్పాలి అనేది ఇంకో ప్రశ్న. వృత్తి మార్చుకోనివ్వకపోవడం వల్ల కులమే నిరుద్యోగానికి ఒక ప్రత్యక్ష కారణమవుతోందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించాడు. అర్థశాస్త్రవేత్తగా చెప్పిన మాట అది. దాన్ని మనం కూడా తక్కువగా పట్టించుకున్నాం. ఆ మాట చెప్పిన పదిహేడేళ్ళకి, 1953లో, మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లెటూరి బడిపిల్లలకి ఒకపూట చదువు, మిగతా వేళ తల్లిదండ్రుల వృత్తి అనే పథకం తెచ్చింది. అప్పటికి గుంటూరు జిల్లా ఇంకా మద్రాసులోనే వుంది, ఆంధ్ర రాష్ట్రం ఆ అక్టోబరు 1న గానీ ఏర్పడలేదు. పెరియార్ ఉద్యమం దాన్ని కులవిద్య అని పేరుపెట్టి తిప్పికొట్టింది. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక రద్దయింది.

రద్దయిందని మనం అనుకున్నాం. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్దెనిమిది 'సంప్రదాయ వృత్తులు'. వడ్రంగం, కమ్మరం, కంసాలిపని, కుండలు, మంగలిపని, చాకలిపని, చెప్పులు కుట్టడం, బుట్టలు, చీపుళ్ళు అల్లడం వగైరా. వారం రోజుల్లోపే ప్రాథమిక శిక్షణ, రోజుకి 500 రూపాయల స్టైపెండు, పనిముట్లకి 15 వేలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. అప్పు విషయంలో ట్రైసెమ్ కన్నా నయమే. మా అత్తని అడిగినట్టు హామీ అడగరు. అయితే వృత్తిని గురుశిష్య పరంపరగా, కుటుంబ పరంపరగా చూడటం ఈ పథకం ప్రాణం. మాదిగవాడు చెప్పులు కుట్టడం మానేసి ఎలక్ట్రీషియన్ అవుతానంటే ఈ జాబితాలో చోటు లేదు. కుట్టే పనిలోనే వుంటానంటే శాలువా కప్పుతారు. ఇంతకీ మాదిగ్గూడేల్లో తోలుపని పోయి ఎంతకాలమైంది? క్రోమ్ పద్ధతిలో ఫ్యాక్టరీలు వచ్చాక వూళ్ళలో తంగేడు చెక్కతో తోలు వూనే లందలు ఎండిపోయాయి. ఆ ఎండిపోయిన రోజుల్లో ప్రభుత్వం 1973లో లిడ్‌క్యాప్ పెట్టింది. శిక్షణ చాలామందికే ఇచ్చింది. తోలు పరిశ్రమలో పెట్టుబడి, ఎగుమతి లైసెన్సు, షాపు ఎవరి చేతికి పోయాయో మీకు తెలిసిందే. మాలపల్లెల్లో ముతక నేతదీ అదే కథ, కాకపోతే దాన్ని మిల్లు గుడ్డ ఇంకా ముందే మింగింది.

ఇక్కడ చుండూరు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. తెనాలికీ బాపట్లకీ మధ్య రైలు మార్గంలో వున్న ఆ వూళ్ళో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఆ ముందు నెలలో అక్కడ జరిగిందేమిటో గుర్తుచేసుకోండి. సినిమాహాల్లో ఒక దళిత కుర్రాడి కాలు తగిలిందన్న గొడవ దగ్గర మొదలై, దళితుల్ని పొలం పనులకి పిలవకుండా సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. చుండూరు పల్లె చదువు లేని పల్లె కాదు. రైల్వేలో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు వున్న పల్లె, కాలేజీకి పోయిన కుర్రాళ్ళున్న పల్లె. వూరికి కంటగింపైంది అదే. అక్కడ మనుషులకి పని పోయింది నైపుణ్యం లేకపోవడం వల్లనా? నైపుణ్యం సంపాదిస్తే పని వస్తుందన్న సిద్ధాంతం చుండూరులో తలకిందులైంది. చదువు వచ్చి, ఉద్యోగం వచ్చి, తలెత్తి నడవడం వల్ల వున్న పనీ పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. బహిష్కరణ వల్ల వచ్చే నిరుద్యోగానికి ఏ మంత్రిత్వ శాఖ దగ్గరా పథకం లేదు. దాన్ని నిరుద్యోగమని ఏ సర్వేలోనూ రాయరు.

పాకీపని సంగతి క్లుప్తంగా. 1992లో సఫాయి కార్మికుల విముక్తి, పునరావాసం కోసం జాతీయ పథకం వచ్చింది. శిక్షణని ట్రైసెమ్ పద్ధతిలోనే ఇవ్వాలన్నారు. 1993లో చట్టం, 2013లో ఇంకో చట్టం. విముక్తి చేసినవాళ్ళకి 40 వేల రూపాయల సాయం, మళ్ళీ శిక్షణ, మళ్ళీ స్టైపెండు. 2023లో ఇది 'నమస్తే' అయింది. ఇప్పుడు నేర్పేది ఎక్కువగా యంత్రాలతో పారిశుద్ధ్యం. చేత్తో ఎత్తకూడదు, సరే, ప్రాణాలు దక్కితే అంతకన్నా కావలసిందేముంది. కానీ మన మున్సిపాలిటీల్లో ఆ యంత్రం మీద కూర్చునేది మళ్ళీ రెల్లివాళ్ళూ మాదిగలే. పునరావాసమంటే ఇంకో పనికి పోవడమని సామాన్యులు అనుకుంటారు. ప్రభుత్వ భాషలో అదే పనికి కొత్త పేరు పెట్టడం కూడా పునరావాసమే.

2014 నించి 'నైపుణ్యాభివృద్ధి' యుగం. దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో సగం సీట్లు ఎస్సీ, ఎస్టీలకి, మూడోవంతు ఆడవాళ్ళకి. ట్రైసెమ్ లాగా స్వయం ఉపాధి అని వదిలేయకుండా ఉద్యోగం చూపించాలని నియమం పెట్టారు. ఇది మెరుగే. ఉద్యోగం అంటే ఏమిటో చూడాలి: మూడు నెలలు పనిలో వుంటే చాలు, ఉద్యోగం వచ్చినట్టు లెక్క. నాలుగో నెల ఈ లెక్కలో లేదు. మా బంధువుల పిల్ల ఒకామె ఇలాంటి శిక్షణ తర్వాత పొరుగు రాష్ట్రంలో ఒక కంపెనీకి వెళ్ళింది. హాస్టలుకీ తిండికీ పోగా ఇంటికి పంపేది రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలికన్నా ఎక్కువేం కాలేదు. నాలుగో నెల తిరిగొచ్చి రొయ్యల షెడ్డుకే పోతోంది. "అక్కడ కూడా నిలబడే పనే అన్నా, ఇక్కడైతే అమ్మ దగ్గర వుంటా" అంది. ప్రభుత్వ రికార్డులో ఆమె ఇప్పటికీ విజయమే. ఈ పథకాల్లో నేర్పేవి చూసినా సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగు, షాపులో అమ్మకం, కుట్టు మిషను ఆపరేటరు లాంటి పనులు ముందు వరసలో వుంటాయి. అవి తక్కువ పనులని కాదు. గార్డు పల్లె నించి, బిల్డింగు యజమాని వూరి నించి రావడం ఏ శిక్షణ వల్లా మారడం లేదని.

ఇప్పుడు స్టైపెండు కథకి చివరి ఘట్టం. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పాసైన అభ్యర్థుల ఖాతాలో నేరుగా చిన్న మొత్తం వేయాలని వుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందు పెట్టిన కాగ్ నివేదిక ఆ ఖాతాల గడిని చూసింది. పరిశీలించిన దాదాపు 96 లక్షల మందిలో 90 లక్షలకి పైగా అభ్యర్థుల దగ్గర ఆ గడిలో సున్నాలో, 'వర్తించదు' అనో, ఖాళీయో వుంది. అంటే నూటికి 94 మందికి పైగా. స్టైపెండు కోసం వచ్చారని తొమ్మిదో ప్రణాళికలో ఎవరిని తప్పుబట్టారో వాళ్ళ పిల్లల ఖాతా నంబరు రాసుకోవడం కూడా అవసరం అనిపించలేదు. శిక్షణ సంస్థకి తలకింత చొప్పున డబ్బు వెళుతుంది, ఆ సంస్థ ఖాతా నంబరు మాత్రం ఎవరూ మర్చిపోరు. 2023లో మన రాష్ట్రంలో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పేరు రాజకీయాల్లో మార్మోగినప్పుడు కూడా ఎవరు తిన్నారన్న దాని మీదే వాదనంతా. ఏ పల్లె నించి ఎవరు నేర్చుకుని ఎక్కడ పనిచేస్తున్నారని ఏ టీవీ చర్చా అడగలేదు.

మన వైపు తప్పు కూడా వుంది. 1985లో కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టిన దగ్గర్నించీ మన ఉద్యమాలు ఆత్మగౌరవం మీద, దాడుల మీద, రిజర్వేషన్ల మీద గట్టిగా మాట్లాడాయి. మాట్లాడాలి కూడా. కానీ రిజర్వేషను అందని మనిషి, పదో తరగతి తప్పి చేలోనో షెడ్డులోనో వున్న మనిషి, అతనికి ప్రభుత్వం ఏం నేర్పుతోంది అన్నది మనకి పెద్ద విషయంగా తోచలేదు. ఇంకో సంగతి: ఈ పథకాల్లో 'ఎస్సీ' అనేది ఒకటే గడి. అందులో మాల ఎంతమంది, మాదిగ ఎంతమంది, రెల్లి ఎంతమంది అని విడదీసి చూడరు. 2025 ఏప్రిల్లో రాష్ట్రం వర్గీకరణ చేసి రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5 శాతం పెట్టాక ఉద్యోగాలకీ సీట్లకీ ఆ లెక్క వచ్చింది. శిక్షణకి ఎందుకు రాకూడదు? మాలవాణ్ణయిన నేను ఇది అడిగితే మా వాళ్ళలో కొందరికి నచ్చదని తెలుసు. కంప్యూటరు ట్రేడులో ఎవరున్నారు, పారిశుద్ధ్యం ట్రేడులో ఎవరున్నారు అన్న జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే నచ్చడం నచ్చకపోవడం ప్రశ్న కాదు.

ఆ జాబితా అడిగే హక్కు 2005 నించి మన చేతిలో వుంది. ట్రేడుల వారీగా, ఉపకులాల వారీగా ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, పాసైనవాళ్ళలో ఎంతమందికి స్టైపెండు ఖాతాలో పడింది, శిక్షణ సంస్థకి ఎంత పడింది, ఏడాది తర్వాత ఎవరు ఏ పనిలో వున్నారు. ఈ నాలుగూ అడిగితే చాలు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా విడిపోయింది కాబట్టి బాపట్ల, రేపల్లె వాళ్ళు దరఖాస్తు బాపట్లలో పెట్టాలి, తెనాలి వాళ్ళు గుంటూరులో. 2022కి ముందు సంవత్సరాల రికార్డు మాత్రం మూడు చోట్ల వాళ్ళూ గుంటూరులోనే అడగాలి. నాలుగో ప్రశ్నకి సమాచారం లేదని జవాబు రావచ్చు. వస్తే ఆ జవాబు కాగితాన్నే ఈ పత్రికకి పంపండి, వచ్చే సంచికలో అచ్చేద్దాం.